ఆత్మీయ పరిధి

ప్రశ్న రాసిన తెల్ల కాగితమూ, జవాబు రాసిన నీలం కాగితమూ ఆ రోజు ఒకే పిన్నుకి ఎలా ఎక్కాయి? అలసిన చేయి చేసిన పొరపాటా, భయపడ్డ చేయి చేసిన పనా, లేక బయటికి రాలేని కోపమేదైనా ఆ పిన్నులోంచి దారి వెతుక్కుందా? ఇన్నేళ్లు గడిచినా ఇదీ అని చెప్పడానికి లేదు. ఆవిడనే అడిగి చూసినవాళ్లున్నారు. "ఆ విషయం పరిశీలనలో ఉంది" అని కళ్లజోడు తుడుచుకునేది. అలా అనడం ఆవిడకి వెటకారం కాదు, వృత్తి.

ఆఫీసులో ఆవిడని జవాబులమ్మ అనేవారు. ఎదురుగా మాత్రం మేడమ్. గృహ సహాయ సంస్థలో ఉద్యోగం. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకి పొద్దున్నే ఒక మనిషిని పంపి, స్నానం చేయించి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టే ప్రభుత్వ సంస్థ అది. అదంతా కింది అంతస్తు వాళ్లు చూసుకునే పని. పై అంతస్తు పని పార్లమెంటు కమిటీకి జవాబు చెప్పడం. ఎవరికో స్నానం ఆలస్యమైతే ఏ ఉద్యోగమూ ఊడదు. కమిటీకి జవాబు ఆలస్యమైతే డైరెక్టరు బీపీ బిళ్ల ఇంకోటి మింగాల్సి వస్తుంది. అందుకని తెలివైనవాళ్లందరినీ ఏరికోరి పై అంతస్తులోనే పెట్టేవారు.

ఆవిడ చేరడం టైపిస్టుగానే చేరింది. ఎవరో రాసిచ్చిన జవాబులు టైపు చేసేది. ఒకసారి రాసే అధికారి సెలవులో ఉంటే, "సేవలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?" అన్న ప్రశ్నకి ఆవిడే, "ఆలస్యాన్ని నివారించే దిశగా జరుగుతున్న కృషికి కొంత సమయం పడుతోంది" అని కొట్టి పంపించింది. అప్పటి డైరెక్టరు ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుకుని, అద్దం ముందు నిలబడ్డ పెళ్లికొడుకులా మురిసిపోయి, ఆవిడ బల్లని కిటికీ దగ్గరకి మార్పించాడు. ఆ తర్వాత డైరెక్టర్లు మారారు, కర్టెన్లు మారాయి, కిటికీ బయట కనిపించే గోడ మీద రంగు మారింది. బల్ల మారలేదు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. కమిటీ అంటే ప్రజల తరఫున సంస్థల్ని నిలదీసే పెద్దమనుషుల కూటమి. నిలదీయాలంటే ముందు ఏమడగాలో తెలియాలి కదా. సభ్యులకి ప్రారంభోత్సవాలుంటాయి, పరామర్శలుంటాయి, ఫొటోలుంటాయి. సంస్థ పంపిన లావుపాటి నివేదిక చదివే తీరిక ఎక్కడిది? అందుకని విచారణకి ముందు వాళ్ల పీయేలు జవాబులమ్మకే ఫోను చేసేవారు, మా సారు మీ సంస్థని ఏమని కడిగేస్తే బాగుంటుందో కాస్త రాసి పంపండి మేడమ్ అని. ఆవిడ రాసి పంపేది. కమిటీ ప్రశ్న చూడ్డానికి పదునుగా ఉండాలి, పట్టుకోడానికి పిడి ఉండాలి, గుచ్చుకున్నా నొప్పి పుట్టకూడదు. ప్రశ్న తెల్ల కాగితం మీద సభ్యుడికి, దాని జవాబు నీలం కాగితం మీద డైరెక్టరుకి. విచారణ రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఆవిడ రాసినవే ఒకరి మీదకొకరు విసురుకునేవారు. మర్నాడు పత్రికల్లో "సంస్థని ఉతికి ఆరేసిన కమిటీ" అని వచ్చేది. ఉతికిందీ ఆరేసిందీ కూడా వెనక వరసలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆవిడేనని ఎవరికీ తట్టేది కాదు.

ఇంటి దగ్గర ఆవిడకి ఉన్నది ఒక్క అన్నయ్య. లిఫ్టు మెకానిక్. ఊళ్లో సగం మందిని మేడలెక్కించినవాడు, ఒకనాడు తనే లిఫ్టు గొయ్యిలో పడి, నడుము కింద చచ్చుబడి, కింది అంతస్తులో వీధి వైపు కిటికీ ఉన్న గదిలో మంచానికి అంటుకుపోయాడు. కాళ్లలో పోయిన బలమంతా నాలుకలోకి వచ్చింది. చెల్లెలు పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా చుట్టం ఆరా తీస్తే, "సమాచారం సేకరిస్తున్నారు" అని ఆవిడకన్నా ముందు ఆయనే జవాబిచ్చేవాడు. మాత్ర వేసుకున్నావా అన్నయ్యా అంటే, "ఆ దిశగా చర్యలు చేపట్టాం" అనేవాడు.

ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలనే ఆవిడ అదే భవనంలో పై వాటా అద్దెకి తీసుకుంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కిందికి దిగి వంట చేసి, పేపరు చదివి వినిపించేది. పొద్దుటి పనికి మాత్రం సంస్థ పంపిన మనిషి వచ్చేవాడు. ఆ మనిషి ఎముకల గూడు. అన్నయ్య ఆయనకి పహిల్వాన్ అని పేరు పెట్టాడు. పహిల్వాన్ రెండు చేతులూ అన్నయ్య చంకల కింద దూర్చి, ఒక్క ఊపున లేపి, చక్రాల కుర్చీలో వేసి స్నానాలగదికి తోసుకుపోయేవాడు. ఆ తలుపు వెనకాల రోజూ ఒక యుద్ధం. నీళ్లు మరిగిపోతున్నాయని ఒకరు, ఇంకా చల్లగానే ఉన్నాయని ఒకరు. వీపు రుద్దుతున్నావా, గోడకి సున్నం గీకుతున్నావా అని ఒకరు, గోడైతే నోరు మూసుకుని ఉండేదని ఒకరు. పై వాటాలో తల దువ్వుకుంటూ ఆవిడ ఆ తిట్లు వినేది. ఆ తిట్లు వినపడుతున్నంత సేపూ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టే.

అలా ఉండగా ఒక ఏడాది కమిటీ వారు సంస్థకి ఖర్చు తగ్గించమనీ, సేవలు పెంచమనీ ఏకకాలంలో సలహా ఇచ్చారు. డైరెక్టరు గదిలో సమావేశం జరిగింది. మంచాన ఉన్నవాళ్లకి ఇంట్లోనో పక్కవాటాలోనో కాళ్లూ చేతులూ బాగున్న బంధువులుంటే, వాళ్ల చేతనే ఈ పని చేయించవచ్చు కదా అని ఎవరికో ఆలోచన వచ్చింది. ఆలోచన ఉంది కానీ పైకి చెప్పుకునే మొహం లేదు. మొహం తయారు చేయడం జవాబులమ్మ పని. ఆవిడ కిటికీ వైపు కాసేపు చూసి ఇలా రాసింది: "సహాయం అవసరమైన వ్యక్తికి సహజ ఆత్మీయ పరిధిలో సమర్థులైన రక్తసంబంధీకులు ఉన్నప్పుడు, కుటుంబ అనుబంధాలను గౌరవిస్తూ సంస్థ తన జోక్యాన్ని వినయపూర్వకంగా ఉపసంహరించుకుంటుంది." పరిధి అంటే ఏమిటని కిందివాళ్లు అడగకుండా, ఒకే ముఖద్వారం ఉన్న భవనం అని వివరణ కూడా జోడించింది.

కమిటీ పరవశించిపోయింది. ఒక వయసు మళ్లిన సభ్యుడు చేతిరుమాలు తీసి కళ్లద్దుకున్నాడు. మన కుటుంబాలకి పూర్వవైభవం తెచ్చే నిబంధన అని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ ఒక డబ్బా బిస్కెట్లు కొనుక్కుని ఇంటికెళ్లింది. తను ఉంటున్న భవనానికీ ముఖద్వారం ఒకటేనన్న సంగతి ఆవిడకి తట్టలేదా అంటే, తట్టలేదు. వాక్యం బాగా కుదిరినప్పుడు మనిషికి ఇల్లు గుర్తుండదు.

ఇల్లే గుర్తు చేసింది. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆవిడ వచ్చేసరికి అన్నయ్య మంచం మీద సంస్థ పంపిన ఉత్తరం పట్టుకుని ఉన్నాడు. కూర్చోమన్నాడు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని మొదటి నుంచీ చివరిదాకా గట్టిగా చదివాడు. చదవడం అయ్యాక మడిచి పక్కన పెట్టి, "బాగా రాశావే" అన్నాడు.

ఇలాంటివి చాలామంది రాస్తారని ఆవిడ గొణిగింది.

"ఎవరు రాస్తారే? 'వినయపూర్వకంగా ఉపసంహరించుకుంటుంది' అట. చిన్నప్పుడు నా పెన్సిలు కొట్టేసి, 'అన్నయ్యా, నీ పెన్సిలు నా దగ్గర భద్రంగా ఉంది' అన్నదానివి నువ్వే కదూ? చేతిరాత లేకపోయినా నీ దొంగతనం నేను పోల్చుకోగలను."

ఆవిడ కూర తరగడానికి లేచింది.

మర్నాటి నుంచి పహిల్వాన్ రాలేదు. సమర్థురాలైన రక్తసంబంధీకురాలు నీళ్లు కాచి, తువ్వాలు భుజాన వేసుకుని మంచం దగ్గర నిలబడింది. అన్నయ్య దుప్పటి అంచు రెండు పిడికిళ్లతో పట్టుకుని గడ్డం కిందికి లాక్కున్నాడు. హాస్యమంతా ఎటు పోయిందో, ఆ ముఖం ఆవిడ ఎప్పుడూ చూడనిది.

"నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణే. నీ ముందు బట్టలిప్పుకుని పడుకోమంటావా? నన్ను చంపెయ్, ఈ పని మాత్రం వద్దు."

ఆవిడ బతిమాలింది. కళ్లు మూసుకుని చేస్తానంది. కళ్లు మూసుకునేవాళ్లు చేసిన నిబంధనే కదా ఇది అని ఆయన గోడ వైపు తిరిగాడు. పక్క వాటాలో ట్యూషన్ మాస్టారు సాయానికొచ్చి, ఒక్కసారి లేపబోయి, తన నడుమే పట్టేసి, వారం రోజులు తనే మంచం ఎక్కాడు. జీతానికి ఎవరినైనా పెట్టుకుందామంటే, ఆ పని వచ్చినవాళ్లందరినీ సంస్థ ఎప్పుడో చేర్చేసుకుంది. రానివాళ్లు మొదటి రోజు లేపలేక, రెండో రోజు కనపడలేదు. అన్నయ్య మొహం, చేతులు తనే తుడుచుకునేవాడు. మిగిలిన ఒళ్లు సంస్థలాగే వాయిదాల మీద నడిచింది. నెల తిరక్కముందే నడుము కింద పుండు పడింది. కట్టు కట్టడానికి వచ్చిన నర్సు చేతులు కడుక్కుంటూ, ఇది ఇంకాస్త లోతుకి పోతే ఇంట్లో ఉంచడం కుదరదని చెప్పింది. పెద్దాసుపత్రి వెనకాల ఉన్న దీర్ఘకాలిక వార్డుకి పంపాలి. ఆ వార్డు నుంచి ఇంటికొచ్చిన వాళ్ల గురించి ఆవిడకి బాగా తెలుసు. కమిటీ అడిగితే ఏం జవాబు చెప్పాలో రాసింది ఆవిడే: "వార్డు వాతావరణానికి అలవాటు పడినవారు తిరిగి వెళ్లడానికి ఆసక్తి చూపడం లేదు."

సరిగ్గా అప్పుడే కమిటీ విచారణ దగ్గరపడింది. కంచుగంట గారి పీయే ఫోను చేశాడు. కంచుగంట అంటే కమిటీలో అందరికన్నా పెద్ద గొంతున్న సభ్యుడు. దేవుడు ఆయనకి గొంతిచ్చి, మిగతా సామాను తర్వాత పంపిస్తానని మరిచిపోయినట్టుండేవాడు.

"మేడమ్, ఈసారి మా సారుకి కొంచెం ఘాటుగా కావాలి. ఎన్నికలొస్తున్నాయి."

"ఎంత ఘాటుగా?"

"టీవీలో చూసినవాళ్లకి కళ్లమ్మట నీళ్లు రావాలి. మీ డైరెక్టరు గారికి మాత్రం ఇబ్బంది కలగకూడదు."

ఆవిడ ఫోను పెట్టేసి, తెల్ల కాగితం టైపు మిషన్‌లో పెట్టింది. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి, పిడి లేని ప్రశ్న రాసింది. మంచం దిగలేని ఒక మగమనిషికి అదే భవనంలో ఉన్నది చెల్లెలు మాత్రమే అయితే, ఆయనకి స్నానం ఎవరు చేయించాలి? చెల్లెలి ముందు ఒళ్లు చూపించుకోలేక పుండు పెంచుకుంటున్నవాణ్ణి ఏ అనుబంధాన్ని గౌరవిస్తూ వదిలేశారు? ఇదివరకు వచ్చిన మనిషిని ఏ తేదీన తిరిగి పంపుతారు? తేదీ మాత్రమే చెప్పండి.

రాసి, చదువుకుని, గ్లాసుడు మంచినీళ్లు తాగింది. ఆ తర్వాత నీలం కాగితం తీసింది. ప్రశ్నకి జవాబు రాయకుండా లేవడం ఆ చేతులకి తెలియదు. "గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం అత్యంత మానవీయమైనది. సంస్థ దీన్ని సానుభూతితో గమనించింది. తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకునే విషయం పరిశీలనలో ఉంది" అని వేళ్లే కొట్టేశాయి. తెల్లది కంచుగంటకి, నీలంది డైరెక్టరుకి వెళ్లాలి. రెండూ ఒకే పిన్నుతో కంచుగంట ఫైల్లోకి వెళ్లాయి.

విచారణ రోజున ఆవిడ ఎప్పటిలా వెనక వరసలో కూర్చుంది. తేదీ మాత్రమే చెప్పండి అంటే డైరెక్టరు నీళ్లు నములుతాడు. నమిలి నమిలి చివరికి ఏదో ఒక తేదీ చెప్పక తప్పదు. ఆ తేదీ చాలు ఆవిడకి.

కంచుగంట లేచాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. చెల్లెలి ముందు ఒళ్లు చూపించుకోలేక అన్న మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది. టీ కప్పులు మధ్యలోనే ఆగాయి. డైరెక్టరు తన ముందున్న కాగితాల్లో నీలం కాగితం కోసం తడుముకుని, దొరక్క, పాలిపోయాడు. "తేదీ మాత్రమే చెప్పండి!" అని కంచుగంట బల్ల గుద్దాడు.

గుద్ది, పేజీ తిప్పాడు. ఊపిరి కూడా తీసుకోకుండా అదే గొంతుతో, అదే ఆవేశంతో, "గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం అత్యంత మానవీయమైనది" అని అందుకున్నాడు. సంస్థ సానుభూతితో గమనించిందని చెప్పేటప్పుడు చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. పరిశీలనలో ఉందనేటప్పుడు మరోసారి బల్ల గుద్ది, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

డైరెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. గౌరవ సభ్యులతో తాను అక్షరాలా ఏకీభవిస్తున్నానని చెప్పాడు. ఆ మాట మాత్రం నిజం.

బల్ల చివర ఒక కొత్త సభ్యురాలు ఉంది. ఇంకా పీయే కుదరలేదు కాబట్టి పాపం విషయం వింటోంది. చెయ్యెత్తి, "అధ్యక్షా, అడిగింది ఆయనే, జవాబు చెప్పిందీ ఆయనేనా?" అంది.

అధ్యక్షుడు గోడ గడియారం వైపు చూశాడు. జవాబు ఎవరు చెప్పారన్నది కాదమ్మా, సంతృప్తికరంగా ఉందా లేదా అన్నది ముఖ్యం అని నచ్చజెప్పి, తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. వెనక వరసలో ఆవిడ చేతిసంచీ తెరిచి, ఏమీ తీసుకోకుండా మళ్లీ మూసింది.

అన్నయ్య ఇదంతా టీవీలో చూశాడు. సాయంత్రం ఆవిడ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే, "ప్రశ్న అదిరిపోయింది" అన్నాడు. "జవాబు అయితే ఇంకానూ. ఆ మనిషి చదువుతుంటే నాకే సంతృప్తి కలిగి, పుండు మానిపోయిందేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నాను."

ఆవిడ స్టవ్ దగ్గరకి వెళ్లి, వెలిగించకుండానే చాలాసేపు నిలబడింది. కాసేపటికి ఆయనే గొంతు తగ్గించి, "ఏమే, పరిశీలనలో ఉన్నావా?" అన్నాడు.

మర్నాడు ఆవిడ డైరెక్టరు గదిలోకి వెళ్లి, మంచం మీదున్న మనిషి తన అన్నయ్యేనని చెప్పింది. డైరెక్టరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, చాలా బాధపడ్డాడు. కమిటీ మెచ్చుకున్న నిబంధనని కదిలిస్తే కమిటీని అవమానించినట్టు అవుతుందన్నాడు. ఆ తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, మేలు చేస్తున్నవాడిలా ముందుకు వంగాడు.

"పరిధి అంటే భవనం అని కదా మేడమ్ మీరు రాశారు. వెనక వీధి పరిధిలోకి రాదు."

వెనక వీధిలో ఇస్త్రీ దుకాణం పైన ఒక గది ఖాళీగా ఉంది. కిటికీ తెరిస్తే ఆవిరి, మూస్తే ఉక్క. స్నానాలగది నలుగురికీ కలిపి ఒకటి. ఆవిడ బయానా ఇచ్చి వచ్చింది. రక్తసంబంధం సరిగ్గా తెగిందో లేదో చూడ్డానికి సంస్థ నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చి, పై వాటా గుమ్మానికి ఆవిడ పేరున్న బోర్డు ఊడదీశారని రూఢి చేసుకున్నాడు. ఇకమీదట వారానికోసారి చుట్టపుచూపుగా రావచ్చనీ, అంతకు మించి వస్తే ఆత్మీయత కింద లెక్కేసి పొద్దున పంపే మనిషిని ఆపేస్తారనీ మర్యాదగా హెచ్చరించాడు. పేపరు చదవడానికి మాస్టారు, వంటకి ఎదురింటామె కూతురు ఒప్పుకున్నారు.

అన్నయ్యకి చివరిదాకా చెప్పలేదు. చెప్పాక ఆయన ఇంతెత్తు లేచాడు, లేవగలిగినంతలో. కంపు కొడితే కిటికీ తెరుచుకుంటాను కానీ నువ్వెక్కడికీ పోనక్కర్లేదన్నాడు. వార్డుకి పంపేస్తారంది ఆవిడ. పంపనీ, అక్కడి లిఫ్టు వేసింది నేనే, ఎప్పుడు ఆగిపోతుందో నాకు తెలుసు, తప్పించుకొస్తానన్నాడు. వీధి దీపం వెలిగింది. ఆయన కిటికీ వైపు తిరిగి, ఆవిడకి మొహం కనపడకుండా చూసుకుని అన్నాడు.

"వెళ్లేటప్పుడు మాత్రం చెప్పి వెళ్లు. చెప్పకుండా తీసుకెళ్లడం నీకు అలవాటు."

మర్నాడు పొద్దున ఆవిడ పెట్టె మూసి, గది ఊడ్చి, తాళం చేతిలో పట్టుకుని కిందికి దిగేసరికి పహిల్వాన్ అప్పటికే వచ్చేశాడు. ఖాళీ మంచం మీద దుప్పటి సగం నేల మీదికి జారి ఉంది. స్నానాలగది తలుపు వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు.

"కాస్త మెల్లగా, అక్కడ పుండుందిరా నాయనా."

"నేను లేనప్పుడు పెంచుకున్నారు కదా, ఇప్పుడు నన్నంటారేం?"

"నువ్వు లేవనే పెంచుకున్నాను. ఏదో ఒకటి పెంచాలి కదా ఇంట్లో."

ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. అన్నయ్య గొంతులో నవ్వు విని ఎన్నాళ్లయిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

తలుపు మీద చెయ్యి వేసింది. కొడితే లోపల నీళ్లాగిపోతాయి. ఆగు, ఆగు, చెల్లెలొచ్చింది అని ఆయన తువ్వాలు కోసం వెతుక్కుంటాడు. గడ్డం కిందికి దుప్పటి లాక్కున్న ఆ మొహం మళ్లీ వస్తుంది. బయట కూర్చుని ఆగుదామంటే, తనిఖీ అధికారి మొదటి రోజు తప్పకుండా వస్తాడు.

లోపల చెంబు మరోసారి మునిగి లేచింది. నీళ్లు మరిగిపోతున్నాయని అన్నయ్య తిట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసేసి, తాళం మంచం మీద పెట్టి, చప్పుడు కాకుండా పెట్టె ఎత్తుకుని వీధిలోకి దిగింది.